చేతులు బాగానే ఉన్నాయి కదా!

"చేతులు బాగానే ఉన్నాయి కదా! మరి బట్టలు కుట్టేది చేతులతోనేగా?" అని అడిగేరు, బీమా కంపెనీ తరఫు ప్లీడరు గారు.

అడిగింది మా మరిదిని. అతను చక్రాల కుర్చీలో, బోనులోకి ఎక్కలేక, బోను పక్కన ఉన్నాడు. నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఇరవయ్యేళ్లుగా తెలుగు పాఠాలు చెప్పుకొని బతుకుతున్నవాణ్ణి. లేచి, "అయ్యా, మన భాషలో దర్జీ మిషను తొక్కుతాడండీ!" అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. కాని కోర్టులో వెనక బెంచీ వాళ్లకు మాట్లాడే హక్కు లేదు. నా క్లాసులోనూ అంతే గనుక నోరు మూసుకొన్నాను.

మా మరిది తెనాలిలో దర్జీ. 2022 జూలైలో ఒక రాత్రి కొట్టు కట్టేసి స్కూటరు మీద ఇంటికి వస్తూంటే వెనకనుంచి వ్యాను వచ్చి కొట్టింది. అప్పటికి అతనికి 38 ఏళ్లు. దారిన పోయే పుణ్యాత్ములు ఒకరు చంకల కింద, ఒకరు మోకాళ్ల కింద చేతులు వేసి, మడతపెట్టినట్టు లేవనెత్తి ఆటోలో కూర్చోపెట్టేరు. వాళ్లను నేనేమీ అనను. అక్కడ ఉంటే నేనూ ఆ పనే చేసేవాణ్ణి. వెన్ను దెబ్బ తగిలిందన్న అనుమానం ఉన్న మనిషిని, ప్రాణానికి మరో ముప్పు లేనంతవరకు, కదపకూడదనీ, 108 బండి వచ్చేదాకా తల, మెడ, నడుము ఒకే వరసలో ఉండేటట్టు చూడాలనీ, ఎత్తవలసి వస్తే గట్టి పలక మీదనే ఎత్తాలనీ తరవాత తెలిసింది.

డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పేరు. వెన్నెముకలో 33 పూసలు. వాటి మధ్య బోలులో చిటికెన వేలంత లావున వెన్నుపాము. మెదడు ఆజ్ఞలు కిందికి దిగడానికీ, ఒంటి కబుర్లు పైకి చేరడానికీ అదే దారి. మెడ దగ్గర దెబ్బ తింటే కాళ్లూ చేతులూ నాలుగూ పోవచ్చు. వీపు, నడుము దగ్గరైతే కాళ్లు పోతాయి. మా వాడికి వీపు పూసల్లో చివరిది, పన్నెండోది చితికింది. "ఎముక అతుక్కుంటుందండీ. పాము అతుక్కోదు" అన్నారాయన. నేటి వైద్యానికి కూడా తెగిన వెన్నుపామును తిరిగి కలిపే విద్య రాలేదు.

పోయింది కాళ్లే అనుకొన్నాం. మూత్రం మీద, విరేచనం మీద కూడా అదుపు పోతుందని మాకెవరికీ తట్టలేదు. స్పర్శ తెలియదు గనుక ఒకే పక్కన పడుకొంటే ఒరుసుకుపోయి పుండు పడుతుంది. ఆ పుండే ప్రాణం తీయగలదు. అందుకని రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మా చెల్లెలు రాత్రిళ్లు అలారం పెట్టుకొని లేచేది. ఆ అలారం ఖరీదు ఏ బిల్లులోనూ ఉండదు.

మేనత్త వచ్చి, "గ్రహ పరిహారం చేయించండర్రా" అంది. చేయించేం. మరో పరిహారం కూడా ఉందని చెప్పింది కాలేజీలో నా పక్క గదిలో కూర్చునే రాజనీతిశాస్త్రం మేష్టారు. అప్పటికి అయిదో నెల నడుస్తోంది. 2022 ఏప్రిల్ 1 నుంచి, ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపల దరఖాస్తు పెట్టుకోవాలని మోటారు వాహనాల చట్టంలో గడువు వచ్చింది. ఆ గడువు మీద కోర్టుల్లో వాదాలు నడిచేయి గాని, కష్టంలో ఉన్నవాడు ఆ వాదాల ఫలితం కోసం కూర్చోకూడదు. ప్రమాదం జరిగిన చోటనే కాదు, మనం కాపురమున్న ఊరు ఏ ట్రిబ్యునలు కిందికి వస్తుందో అక్కడా వేసుకోవచ్చు. డిసెంబరులో వేసేం. ఎఫ్.ఐ.ఆర్., ఆసుపత్రి కాగితాలు, వైకల్య ధ్రువపత్రం అన్నీ కావలసివచ్చేయి. మా చెల్లెలు మొదటి రోజునుంచీ దూదీ, గొట్టాల బిల్లులతో సహా ఒక జాకెట్టుగుడ్డ సంచీలో దాచింది. ఎమ్.ఏ. చదివిన నాకు ఆ ఆలోచన రాలేదు.

నాకు వచ్చిన ఆలోచన వేరు. దాన్ని చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

2023 మొదట్లో మిషన్లు బాగుచేసే కుర్రాడొకడు వచ్చి, "అన్నా, మిషనుకు మోటారు బిగిస్తాను. కాలితో నొక్కేదాన్ని బల్లమీద పెడతాను. మోచేత్తో నొక్కు" అన్నాడు. మా మరిది ముఖం ఆర్నెల్ల తరవాత వెలిగింది. నేను అడ్డుపడ్డాను. "కేసు తేలేదాకా మిషను ముట్టుకోవద్దు. కుడుతున్నావని తెలిస్తే సంపాదిస్తున్నాడంటారు, డబ్బు తగ్గిస్తారు" అన్నాను. ఇంటికి పెద్దవాణ్ణి, చదువుకొన్నవాణ్ణి. కాదనలేదు.

ఎనిమిది నెలలు అతను చేతులు ముడుచుకొని గోడ చూస్తూ కూర్చున్నాడు. తిండి తగ్గింది. మాట తగ్గింది. పక్క మార్చబోతే విసుక్కొనేవాడు. నడుం కింద పుండు పడింది. డాక్టరు గారు కట్టు కట్టి, నా వంక చూసి, "ఇతనికి మందు కాదండీ, పని కావాలి" అన్నారు. ఇంగ్లండులో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గట్మన్ అనే వైద్యుడు 1944నుంచి ఇటువంటి రోగులను పక్కలు మార్పించి, పనులు నేర్పించి, బతికించేడట. 1948లో 16 మందిని చక్రాల కుర్చీల్లో కూర్చోపెట్టి విలువిద్య పోటీ పెట్టించేడట. నేటి పారాలింపిక్సుకు అదే మొదలు. వాళ్ల చేతికి విల్లు ఇచ్చినవాడు ఆయన. మా వాడి చేతిలో సూది లాక్కొన్నవాణ్ణి నేను.

సిగ్గు విడిచి మా ప్లీడరు గారిని అడిగేను. ఆయన నవ్వలేదు. "దాచమని నేను చెప్పానా మేష్టారూ? రాజ్‌కుమార్ కేసులో 2010లోనే సుప్రీంకోర్టు తేల్చింది. డాక్టరు రాసిన శాతం వేరు, సంపాదన నష్టం శాతం వేరు. ఇదివరకు ఏం పని చేసేవాడు, ఇప్పుడేం చేయగలడు అన్నది ట్రిబ్యునలు చూడాలి. నిజం చెప్పినవాడికి ఉన్న బలం నాకు లేదు" అన్నారు.

ఆ సాయంత్రమే మోటారు బిగించేం.

అందుచేత కోర్టులో ఆ ప్రశ్న వచ్చినప్పుడు మా మరిది తడుముకోలేదు. "కుడుతున్నానండీ. ఇదివరకు రోజంతా తొక్కేవాణ్ణి. ఇప్పుడు రెండు గంటలు కూర్చుంటే ఒరుపు పడుతుందని పడుకోపెడతారు. గుడ్డ కత్తిరించడానికి నిలబడలేను, మా ఆవిడ కత్తిరిస్తుంది. నెలకు రెండు వేలు వస్తే గొప్ప" అన్నాడు. ప్లీడరు గారు కళ్లజోడు తీసి తుడుచుకొని, మరో ప్రశ్న వేయకుండా కూర్చున్నారు.

2025లో తీర్పు వచ్చింది. పద్దు పుస్తకాలు లేవు గనుక నెలకు 12,000 సంపాదన అన్నారు. సొంత పని చేసుకొనే నలభై లోపు వాడు గనుక భవిష్యత్తుకు 40 శాతం కలిపేరు. ఏడాదికి 2,01,600. ఆ వయస్సుకు గుణకం 15. మొత్తం 30,24,000. అందులో సంపాదన నష్టం 90 శాతం, అంటే 27,21,600 అన్నారు. మందులకూ, బాధకూ వేరు. అన్నిటికంటె నాకు తృప్తినిచ్చింది, తోడుండే మనిషి ఖర్చు కూడా అదే గుణకంతో జీవితకాలానికి లెక్కకట్టడం. 2020లో ఒక బాలిక కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతి అది. మా చెల్లెలి అలారానికి ఎవరో ఒకరు ఖరీదు కట్టేరు. సొమ్ములో ఎక్కువ భాగం బాంకులో వేయించేరు; వడ్డీ నెలనెలా వస్తుంది.

కాళ్లు రాలేదు. రావు. పోయినదాన్ని తెచ్చియిచ్చేది కాదు పరిహారం. ఉన్నదానితో బతకడానికి కాస్త నీడ. ఆ నీడ కోసం ఉన్నదాన్ని కూడా చంపుకోమన్నాను నేను.

మొన్న సంక్రాంతికి మా మరిది నాకు చొక్కా కుట్టి ఇచ్చేడు. తొడుక్కొని చూస్తే ఒక చెయ్యి కొంచెం పొడుగు. చెప్పనా, మాననా అని ఆలోచిస్తూంటే అతనే అన్నాడు: "ఎడమ చెయ్యి అర అంగుళం పెరిగింది బావగారూ. ఇప్పండి, సరిచేస్తాను."

విప్పి ఇచ్చేను. బల్లమీది మీట మీద మోచెయ్యి ఆన్చేడు. మిషను కదిలింది.