అవ్వ మాట

కోవిల్‌పట్టి నుండి సాత్తూరు మీదుగా విరుదునగర్‌కు పోయే దారికి రెండు వైపులా నల్లరేగడి పొలాలు కనిపిస్తాయి. తమిళులు ఈ ప్రాంతాన్ని కరిసల్ సీమ అంటారు. వాన కురిస్తే ఈ మన్ను కాలిని పట్టుకొని వదలదు. ఎండ కాస్తే నేల నెరియలు విచ్చి, వాటిలో పిల్లల గోలీలు పడి మాయమైపోతాయి. పత్తి, సజ్జ, మినుము ఇక్కడి పంటలు. వాన నమ్మకం లేని సీమ కనుక అగ్గిపెట్టెల పని చాలా కుటుంబాలకు తోడు నిలిచింది.

ఈ పల్లెల్లో తెలుగు మాట్లాడే ఇండ్లు తరతరాలుగా ఉన్నాయి. విజయనగర రాజుల కాలంలోను, ఆ తరువాత మధుర నాయకుల కాలంలోను ఉత్తరం నుండి వచ్చి స్థిరపడినవారి సంతతి వారిలో ఎక్కువమంది. వీథిలో తమిళం, ఇంటిలో తెలుగు. చాలా ఇండ్లలో తెలుగు మాటే ఉంది, రాత లేదు. తెలుగు అక్షరాలు నేర్చుకునే పిల్లలకు ఒక చిక్కు వస్తుంది. బడిలో చదివే తెలుగు ఒక తీరుగాను, ఇంటిలో వినే తెలుగు మరొక తీరుగాను ఉంటుంది. రెండింటిలో ఏది సరైనదని పిల్లలు తమలో తామే అడుగుకొంటారు. జవాబు కూడా తామే చెప్పుకొంటారు. అచ్చులో ఉన్నదే ఒప్పు అనుకొంటారు.

అటువంటి ఒక పల్లెలో ఒక అవ్వ, ఆమె మనుమరాలు ఉండేవారు. మనుమరాలు తెలుగును మొదటి భాషగా తీసుకొని పదకొండవ తరగతి చదువుతూ ఉండేది. పద్యాలు చక్కగా అప్పజెప్పేది. ఒక వేసవిలో గుంటూరు వైపు నుండి దూరపు బంధువులు వారి ఇంటికి వచ్చారు. అవ్వకు వారిని చూసి పట్టరాని సంతోషం కలిగింది. భోజనాలయ్యాక అరుగు మీద కూర్చొని తన చిన్ననాటి సంగతులు చెప్పసాగింది. వచ్చినవారిలో ఒకామె నవ్వి, "ఇదేం తెలుగు పెద్దమ్మా, కొత్తగా ఉందే!" అన్నది. ఆ నవ్వులో చెడ్డతనం లేదు. అవ్వ కూడా నవ్వి, "మన మాట ఇట్ల దా తల్లీ" అన్నది.

మనుమరాలికి సిగ్గు ముంచుకొచ్చింది. "కాదవ్వా, అది తప్పు. 'పోతిమి' అనకూడదు, 'వెళ్ళాము' అనాలి. పుస్తకంలో అట్లాగే ఉంటుంది" అని అందరి ఎదుటా దిద్దింది.

అవ్వ ఏమీ అనలేదు. మరునాటి నుండి మనుమరాలితో తమిళంలో మాట్లాడడం మొదలుపెట్టింది. కోపంతో కాదు. అన్నం వడ్డించేటప్పుడు, నూనె రాసి జడ వేసేటప్పుడు, పక్క పరిచేటప్పుడు, అంతా తమిళమే. కొడుకుతో, కోడలితో మాత్రం తెలుగు. ఇంటిలో ఎవరూ దీనిని పట్టించుకోలేదు. పట్టించుకున్నది మనుమరాలు ఒక్కతే. ఆమె దాని గురించి ఎవరితోనూ చెప్పలేదు.

ఆ ఏడాది బడిలో ఆంగ్లం చెప్పే ఉపాధ్యాయురాలు పాఠ్యప్రణాళికలో లేని ఒక పని పెట్టింది. ఇంటిలోనో వీథిలోనో వినిపించే మాటలను ఉన్నవి ఉన్నట్టు రాసుకొని, వాటి పోకడను వివరిస్తూ ఆంగ్లంలో రెండు పుటలు రాయాలి. ఇంగ్లండులో ఈ వయసు పిల్లలు చదివే ఆంగ్లభాషా పాఠ్యక్రమంలో ఇటువంటి పరిశోధన ఒక భాగమని ఆమె చెప్పింది. అక్కడి పిల్లలు అంగడిలో బేరాన్నో, అన్నదమ్ముల పోట్లాటనో రాసుకొని విశ్లేషిస్తారట.

విలియం లబోవ్ అనే అమెరికా భాషాశాస్త్రవేత్త చేసిన పనిని కూడా ఆమె వివరించింది. 1962లో ఆయన న్యూయార్క్ నగరంలోని మూడు పెద్ద దుకాణాలకు వెళ్ళాడు. ఒకటి ధనవంతులది, ఒకటి మధ్యతరగతివారిది, ఒకటి పేదలది. నాలుగవ అంతస్తులో ఉన్న వస్తువేదో ముందుగానే తెలుసుకొని, అది ఎక్కడ దొరుకుతుందని అక్కడి పనివారిని అడిగాడు. వారు 'ఫోర్త్ ఫ్లోర్' అని చెప్పాలి. ఆ రెండు మాటల్లో రకారాన్ని పలుకుతున్నారా, మింగేస్తున్నారా అన్నదే ఆయనకు కావలసింది. వినబడనట్టు నటించి మళ్ళీ చెప్పించుకొనేవాడు. రెండవసారి మనిషి జాగ్రత్తగా పలుకుతాడు కదా! ధనవంతుల దుకాణంలో రకారం ఎక్కువగా వినిపించింది, పేదల దుకాణంలో తక్కువగా వినిపించింది. ఎవరిది తప్పు అని లబోవ్ అడగలేదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అలా పలుకుతున్నారని మాత్రమే అడిగాడు.

ఈ కథ విని తరగతి అంతా నవ్వింది. అయినా మనుమరాలు రాసిన మొదటి ప్రతి లబోవ్ దారిలో లేదు. అవ్వ మాటలలో తప్పులు పదకొండు ఎత్తి రాసి, ప్రతిదానికీ ఎదురుగా ఒప్పు రాసింది. అడ్డగీతలు ఎర్రసిరాతో గీసింది. చూడడానికి ఎంతో అందంగా ఉంది. ఉపాధ్యాయురాలు దానిని తిరిగి ఇచ్చేసి, "నువ్వు తీర్పు రాశావు. నేను అడిగింది అది కాదు. మీ అవ్వ ఒకే తప్పును ప్రతిసారీ ఒకే తీరుగా చేస్తున్నదా? అయితే అది తప్పు ఎట్లా అవుతుంది?" అని అడిగింది.

జవాబు కావాలంటే అవ్వ చేత మళ్ళీ తెలుగు మాట్లాడించాలి. అక్కడే ఉంది కష్టం. సెల్‌ఫోను ముందు పెట్టి "తెలుగులో ఏమైనా చెప్పవ్వా" అంటే అవ్వ నోరు విప్పలేదు. విప్పినా ఒకటి రెండు మాటలు, అవీ పుస్తకపు మాటలే. మనుమరాలి పద్యాలను విని విని నేర్చుకున్న 'వెళ్ళాము' అవ్వ నోట వింతగా పలికింది. తనను గమనిస్తున్నారని తెలిసిన మనిషి మామూలుగా మాట్లాడడు. మాటలు సేకరించేవారందరికీ ఎదురయ్యే చిక్కే ఇది. లబోవ్ దీనికొక ఉపాయం కనిపెట్టాడు. ప్రాణం మీదికి వచ్చిన సంఘటన ఏదైనా ఉంటే చెప్పమని అడిగేవాడు. ఆ జ్ఞాపకంలో పడితే మనిషి తన మాటతీరును మరచిపోతాడు.

మనుమరాలు మూడు రోజులు ఊరకుండి, నాలుగవనాటి సాయంకాలం, "అవ్వా, నువ్వు బావిలో పడ్డావంట కదా, ఎట్లా?" అని అడిగింది. అవ్వ ఆమె ముఖంలోకి కొంతసేపు చూసింది. మొదట తమిళంలోనే మొదలుపెట్టింది. బావి గట్టు దగ్గరకు వచ్చేసరికి కథ తెలుగులోకి జారింది.

"నాకు అప్పుడు తొమ్మిదేండ్లు. మాయమ్మ నీళ్ళు తెమ్మనె. బిందె ఎత్తుకోని పోతిని. పాసి మింద కాలు జారె. మునిగితిని, లేస్తిని, మల్లా మునిగితిని. మా పెద్దన్న దా దూకె. జడ పట్టి లాగె. ఈ జడ దా నన్ను బతికించె సూడు."

ఆ రాత్రి మనుమరాలు ఈ మాటలను నాలుగైదుసార్లు విని రాసుకొంది. తరువాత కొన్ని రోజులు అవ్వ దగ్గర కూర్చొని మరికొన్ని కథలు రాబట్టింది. రాసినవాటిని వరుసలో పెడితే ఒక పట్టిక తయారైంది. నేను పోతిని, నువ్వు పోతివి, వాడు పోయె, మేము పోతిమి, మీరు పోతిరి, వాళ్ళు పోయిరి. ఎక్కడా తడబాటు లేదు. మునుగు, లేచు, తిను, ఏ క్రియను తీసుకున్నా అదే నడక.

ఆంగ్లం చెప్పే ఉపాధ్యాయురాలికి తెలుగు రాదు. ఆ పట్టికను తెలుగు అయ్యవారికి చూపించమన్నది. ఆయన చూసి ఏమీ వివరించకుండా, పద్యభాగంలో 'వచ్చితిని, వచ్చితివి, వచ్చెను' వంటి రూపాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకొని రమ్మన్నాడు. అమ్మాయి పుస్తకం తెరిచింది. తాను గడగడా అప్పజెప్పే పద్యాలలోనే ఆ రూపాలు ఉన్నాయి. వచ్చితిమి, వచ్చితిరి, వచ్చిరి! అవ్వ 'వస్తిని' అంటుంది, కావ్యం 'వచ్చితిని' అంటుంది. కావ్యంలో మార్కులు తెచ్చే రూపం అరుగు మీద తప్పైపోయింది. రాయలసీమలో ఈనాటికీ జనం ఇలాగే మాట్లాడతారని, వారినెవరూ తెలుగువారు కారనరని అయ్యవారు చెప్పాడు.

'దా' సంగతి మాత్రం ఇంత సులభంగా తేలలేదు. తమిళంలో ఒక మాటను నొక్కి చెప్పడానికి 'తాన్' చేరుస్తారు, వాడుకలో అది 'దా' అవుతుంది. తెలుగులో ఆ పని 'ఏ' చేస్తుంది: నేనే, అదే, ఇక్కడే. అవ్వ రెండూ వాడుతుంది. ఎప్పుడు 'నేనే' అంటుంది, ఎప్పుడు 'నేను దా' అంటుంది? అమ్మాయి దగ్గర ఉన్నవి ఏడు వాక్యాలు. ఏడింటితో ఏ నియమమూ చిక్కలేదు. చిక్కలేదని అలాగే రాయమన్నది ఉపాధ్యాయురాలు. ఇది మంచి సలహా. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయడం వ్యాసాలలో తరచుగా జరిగే పని.

'దా' వలన మరొక తంటా కూడా వచ్చింది. రోమన్ లిపిలో ద, డ రెండింటికీ ఒకటే అక్షరం. తోటివారు ఆ వాక్యాన్ని 'నేను డా' అని చదివి, తమిళంలో మగపిల్లలను పిలిచే 'డా' అనుకొని పగలబడి నవ్వారు. నిఘంటువులలో డకారాన్ని రాయడానికి ఆ అక్షరం కింద చుక్క పెడతారని తెలుసుకొని, అమ్మాయి రెండు పుటలూ మళ్ళీ రాసింది. చుక్కలు పెట్టడానికే ఒక సాయంకాలం పట్టింది.

తమిళం కలిసినంత మాత్రాన మాట పాడైపోయిందనడానికి లేదు. రెండు భాషలూ ఒకే కుటుంబానివి. తమిళంలో ఇరండు, తెలుగులో రెండు. తమిళంలో ఉరల్, తెలుగులో రోలు. మొదటి అచ్చు చోటు మారడం తెలుగుకు పాత అలవాటు. ఈ బంధుత్వాన్ని గురించి మొదట రాసినవారిలో ఇద్దరికి ఈ సీమతో సంబంధం ఉంది. తమిళం, తెలుగు, కన్నడం సంస్కృతం నుండి పుట్టలేదని 1816లో చూపిన ఎల్లిస్ దొర 1819లో రామనాథపురంలో మరణించాడు. విరుదునగర్ జిల్లా 1985లో ఏర్పడేవరకు ఆ రామనాథపురం జిల్లాలోని భాగమే. 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణాన్ని ప్రకటించిన కాల్డ్‌వెల్ తిరునెల్వేలి సీమలోని ఇడైయన్‌గుడిలో చాలాకాలం నివసించాడు.

పల్లెమాటలను పోగుచేసే పని కూడా కొత్తది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో వచ్చింది. అందులోనివన్నీ వ్యవసాయపు మాటలు. రైతుల నోట విని రాసుకొన్నవి. కోవిల్‌పట్టికి దగ్గరలోనే ఇడైసెవల్ అనే ఊరుంది. అక్కడ పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు, రాసింది తమిళంలో. పెద్ద చదువులు చదవని ఆయన కరిసల్ సీమ మాటలకు ఒక నిఘంటువు కూర్చాడు. తెలుగువారు దక్షిణానికి వలస వచ్చిన కథను 'గోపల్ల గ్రామం' నవలగా రాశాడు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 2021లో మరణించేవరకు పల్లె నోటి మాటను అచ్చులోకి తెస్తూనే ఉన్నాడు. మనుమరాలు చదివే బడికి ఆయన ఊరు బస్సులో కొద్దిసేపటి ప్రయాణమే.

అన్నిటికన్నా ఎక్కువగా అమ్మాయిని ఇబ్బంది పెట్టింది చాలా చిన్న మాట. బంధువులతో ఆనాడు అవ్వ అన్న 'మన మాట ఇట్ల దా' అనే వాక్యాన్ని ఆమె ఆంగ్లంలోకి మార్చబోయింది. ఆంగ్లంలో 'మన'కూ 'మా'కూ ఒకటే మాట. ఎదుటివారిని కలుపుకొంటే 'మన', విడిచిపెడితే 'మా' అన్న తేడా ఆ భాషలో లేదు. అందుచేత ఆ తేడాను వివరిస్తూ ఒక వాక్యం అదనంగా రాయవలసి వచ్చింది. అవ్వ ఇక్కడ ఏ మాట వాడింది, ఎవరిని కలుపుకొంది అని రాయబోతూ కలం ఆపింది. గుంటూరు నుండి వచ్చినవారిని, నవ్వినామెను, పక్కన నిలబడి ఉన్న మనుమరాలిని, అందరినీ కలుపుకొని అవ్వ ఆ మాట అన్నది. 'మా మాట' అనలేదు. దానికి ఎదురుగా మనుమరాలు అన్నది 'కాదవ్వా'.

ఆ వాక్యాన్ని ఆమె రెండు విధాలుగా రాసి చూసి, చివరకు ఉపాధ్యాయురాలికి అర్థమయ్యేంతవరకు మాత్రమే రాసింది. మిగిలింది వ్యాసంలో లేదు.

వ్యాసం ఇచ్చే ముందురోజు సాయంకాలం అవ్వ తలుపు దగ్గర కూర్చొని మినుములు చెరుగుతూ ఉంది. మనుమరాలు కాగితాలు పట్టుకొని పక్కన కూర్చుంది.

"యేమి అమ్మణ్ణీ, నా కత రాస్తివా?" అన్నది అవ్వ, తెలుగులోనే.

ఆంగ్లం అవ్వకు అర్థం కాదు కనుక, మధ్యలో తెలుగు లిపిలో రాసిన వాక్యాలను మాత్రం అమ్మాయి చదివి వినిపించింది. అవ్వ చేట ఆపి శ్రద్ధగా విన్నది. 'మునిగితిని' దగ్గరకు రాగానే చెయ్యెత్తి ఆపింది.

"మునిగితిని అనలేదే నేను. మునిగ్తిని అంటిని. సరిగా రాయి."

మనుమరాలు కలం తీసి, ఆ గుడిని కొట్టివేసింది.