తేదీలు తిరగబడిన వడ్డీ లెక్క

హచ్చొళ్ళి వంటి సరిహద్దు ఊళ్ళో గుమాస్తాగిరీ అంటే రెండు భాషల పని. రైతు తెలుగులో చెబుతాడు, మేము ఖాతా కన్నడంలో రాస్తాము. కంప్యూటరు వచ్చాక ఇంగ్లీషు కూడా తోడయినది. ఆ మూడవ భాషతో వచ్చిన చిక్కు ఒకటి మనవి చేస్తాను. వడ్డీ లెక్కలు కట్టేవారికీ, కట్టేదాన్ని చెల్లించేవారికీ కూడా పనికి వస్తుంది.

నేను పనిచేసే చోట వరి నాట్లకు రైతులకు అడ్వాన్సులు ఇస్తారు. వాటి వడ్డీ ఎక్సెల్‌లో ఒక మాక్రో కడుతుంది. గుమాస్తా వరుసగా చేసే పనిని ఆదేశాలుగా రాసి యంత్రానికి అప్పగిస్తే అదే మాక్రో. ఇందుకోసం 1993లోనే ఎక్సెల్‌కు ఒక భాష అమర్చారు. మా మాక్రో రాసిన పెద్దాయన ఏనాడో పని మానుకొని వెళ్ళిపోయారు. పాత కంప్యూటరు చెడి, కొత్త ఎక్సెల్‌తో కొత్తది రాగానే ఆ మాక్రో మొరాయించినది.

మొదటి చిక్కు తేలికగానే దొరికింది. ఊరూరి ఫైళ్ళను వెతికే ఫైల్‌సెర్చ్ అనే ఆదేశాన్ని 2007 ఎక్సెల్‌లో తీసివేశారు. యంత్రం ఆ వరుస దగ్గరే ఆగిపోయింది. దాని బదులు డిర్ అనే ఆదేశం పెట్టి నడిపించాను.

రెండవ చిక్కు నోరు విప్పనిది. మాక్రో చక్కగా నడిచింది, జాబితా అచ్చయినది. ఒక ముసలి రైతు కాగితం చదివించుకొని, "ఏమప్పా, నాట్లేసేటప్పుడు గదా నేను దుడ్డు తీసుకునింది? రెండు నెల్ల వడ్డీ ఎక్కువ పడిందే!" అన్నాడు.

ఖాతాలో 06-08-2024 అని ఉన్నది, అంటే ఆగస్టు 6. యంత్రం దాన్ని జూన్ 8 అని చదివింది. తేడా 59 రోజులు. యాభై వేలకు నెలకు నూటికి రూపాయి చొప్పున ఇంచుమించు వేయి రూపాయలు!

కొత్త కంప్యూటరులో తేదీల పద్ధతి అమెరికా వారిది. వారు నెల ముందు, రోజు తరువాత రాస్తారు. మా తేదీలు అక్షరాలుగా టైపు చేసినవి. వాటిని తేదీగా మార్చే సీడేట్ అనే ఆదేశం కంప్యూటరు పద్ధతినే అనుసరిస్తుంది. చోద్యమేమంటే, 15-08 అని ఉంటే పదిహేనవ నెల లేదు గనుక తనంతట తానే సర్దుకొని ఆగస్టు 15 అనే చదువుతుంది. అందుచేత జాబితాలో కొన్ని ఒప్పు, కొన్ని తప్పు. పైపైన చూస్తే పట్టుబడదు.

కంప్యూటరు పద్ధతి మార్చవచ్చును గాని, మళ్ళీ యంత్రం మారితే మళ్ళీ ఇదే బాధ. కనుక రోజు, నెల, సంవత్సరం విడదీసి డేట్‌సీరియల్ అనే ఆదేశానికి అందించాను. వసూలుకు ముందే జాబితా అంతా తిరిగి తీశాము.

ఆగిపోయిన యంత్రం నయం. ఎక్కడ బాగుచేయాలో చెబుతుంది. కొత్త కంప్యూటరు వచ్చిన రోజున పన్నెండు లోపు తేదీ ఒకటి, పన్నెండు దాటినది ఒకటి తీసుకొని చేతితో లెక్కకట్టి పోల్చి చూడండి. మాక్రో ఏమేమి చేస్తుందో మీకు వచ్చిన భాషలో కాగితం మీద రాసి బీరువాలో ఉంచండి. అప్పు తీసుకున్నవారు కూడా, కంప్యూటరులో అచ్చయినది గదా అని ఊరుకోవద్దు. తమకు గుర్తున్న తేదీ చెప్పి, ఆ ముసలాయనలాగే నిలదీసి అడగాలి.