జానెడు మేర

పోయిన వానాకాలం నాయిన ఫోన్ చేసి, "కొట్టం గుంజ ఊగుతుంది, తీసేద్దామా?" అని అడిగాడు. బర్రెలను అమ్మి నాలుగేండ్లయింది. తీసేయమనొచ్చు. కానీ ఆ గుంజ తాత పాతింది. "నేనొచ్చేదాక ఆగు" అన్నాను.

నారాయణఖేడ్ దగ్గర మా ఊళ్ళో నల్లరేగడి. వాన పడితే తడి ఓ పట్టాన వదలదు. ఇద్దరం గుంజను పీకి పడుకోబెట్టాం. పైన గట్టిగా ఉంది. చిత్రమేమిటంటే, మూడడుగుల లోతున్న కొస కూడా గట్టిగానే ఉంది. కుళ్ళింది నేల మట్టం దగ్గర, జానెడు మేర. గోటితో గీరితే పొడిపొడిగా రాలింది. కట్టెను తినే బూజుకు తడీ కావాలి, గాలీ కావాలి. లోతున గాలి చాలదు, పైన తడి నిలవదు. రెండూ కలిసేది ఆ జానెడులోనే.

"టేకుకు చెద పట్టదనేటోడు మీ తాత" అన్నాడు నాయిన. తాత చెప్పింది చేవ గురించి. చుట్టూ ఉండే తెల్లకట్టెకు ఆ బలం లేదు, టేకైనా సరే. అందుకే ఆయన ఏటా డాంబరో, ట్రాక్టర్ నుంచి తీసిన కాలిన ఆయిలో పూసేవాడు. మేమేమో మూడేండ్ల కింద మొదట్లో సిమెంట్ పోయించాం. పైసలు పంపింది నేనే. ఎండకు కట్టె కుంచించుకుంది, సందులోకి వాన నీళ్ళు దిగాయి, బయటికి దారి లేక అక్కడే నిలిచాయి. నాయిన ఆ మాట అనలేదు. నేనూ అనలేదు.

ఆ రాత్రి ఫోన్‌లో వెతుకుతుంటే సొంఠి కామేశం పేరు కనబడింది. తెలుగాయన. దెహ్రాదూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేస్తూ 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపి కట్టెకు ఎక్కించే మందు కనిపెట్టాడు. రాగి బూజును ఆపుతుంది, ఆర్సెనిక్ పురుగును. ఆ రెండూ వానకు కొట్టుకుపోకుండా కట్టెలోనే పట్టి ఉంచేది క్రోమియం. 1938లో అమెరికాలో పేటెంట్ వచ్చింది. దేశదేశాల్లో కరెంటు స్తంభాలు, కంచెలు ఆ మందుతోనే నిలబడ్డాయి. మా బడిలో ఎవరూ చెప్పలేదు ఈ పేరు. ఆర్సెనిక్ భయంతో 2003 చివరికి అమెరికాలో ఇళ్ళకు వాడే కట్టెకు దాన్ని చాలావరకు ఆపేశారు.

పొద్దున నాయినకు చెప్తే ఒకటే అడిగాడు. "పాతగైనంక పొయ్యిల పెట్టొచ్చా?"

"వద్దు. బూడిదలో విషం మిగుల్తది."

"ఇగ అదేం కట్టె!"

మా ఇంట్లో ఏ కట్టె బతుకైనా నీళ్ళ పొయ్యిలోనే తీరుతుంది మరి.

వడ్లాయన వచ్చి గుంజను కాదు, మా అర్ర ముందరి స్తంభాలను చూపించాడు. తాత కంటే పాతవి. అన్నీ రాతి దిమ్మెల మీదే ఉన్నాయి, ఒక్కటీ మట్టిని ముట్టదు. కొట్టానికి మాత్రం రాయి దండగ అనుకున్నట్టున్నాడు తాత. కుళ్ళు పోయేదాకా కోసి, కింద రాయి పెట్టి, నడుమ ఇనుప చువ్వ దిగేస్తే ఎత్తు సరిపోయింది.

నిలబెట్టే ముందు కోసిన మొహానికి అవిసె నూనె పట్టించమన్నాడు. కట్టె నీళ్ళు ఎక్కువ తాగేది అక్కడినుంచేనట. పొద్దుమూకేదాకా పూస్తూనే ఉన్నాను. పూసింది పూసినట్టే ఇంకిపోతోంది.

"ఇంకెంత తాగుతదిరా ఇది" అని నాయిన ఇంకో డబ్బా మూత తీశాడు.