జున్ను పారిపోలేదు

దీపావళి రాత్రి మా వీధిలో ఎవరో లక్ష్మీబాంబు పేల్చారు. అమ్మ గుమ్మంలో ప్రమిదలు పెడుతోంది. తలుపు తీసే ఉంది. ఆ చప్పుడుకి మా జున్ను సోఫా కింద నుంచి బాణంలా బయటికి దూకింది. రెండేళ్ళుగా గడప దాటని పిల్లి!

జున్నుని లోపలి గదిలో పెట్టి గొళ్ళెం వెయ్యమని అమ్మ సాయంత్రమే చెప్పింది. 'ఐదు నిమిషాల్లో వేస్తా' అని ఫోన్ చూస్తూ కూర్చున్నది నేనే.

తెల్లారగానే విజయనగరం వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఫొటో పెట్టాను. బండేసుకుని కంటోన్మెంట్‌లోని మా ఇంటి నుంచి గంటస్తంభం, కోట, మూడు లాంతర్లు అన్నీ తిరిగాను. టీ బడ్డీ దగ్గర ఒకాయన, "ఏటి బాబూ, పిల్లి కోసం ఇంత తిరుగుతున్నావా? ఆకలేస్తే అదే వచ్చేస్తాది" అన్నాడు. రెండు రోజులైనా రాలేదు.

అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. జున్ను గిన్నెలో నీళ్ళు మాత్రం రోజూ మారుస్తోంది. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. నాన్న పోయాక, నేను ఉద్యోగానికి హైదరాబాద్‌లో ఉంటే, ఆ ఇంట్లో అమ్మకి తోడు జున్నే.

గరివిడి పశువైద్య కళాశాలలో చదివిన ఫ్రెండుకి ఫోన్ చేశాను. "పక్కింటి పెరడు చూశావా?" అన్నాడు. చూడలేదు. బయట అలవాటు లేని పిల్లి భయపడితే దూరం పోదట. దొరికిన చాటులో దూరి, మనం పిలిచినా పలక్కుండా కూర్చుంటుందట. తప్పిపోయిన పిల్లుల మీద 2018లో వచ్చిన ఒక అధ్యయనం చూశాను. దొరికినవాటిలో 75 శాతం, తప్పిపోయిన చోటికి 500 మీటర్ల లోపే ఉన్నాయి. నేనేమో చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికాను.

మూడో రాత్రి రెండింటికి, వీధికుక్కలు కూడా సద్దుమణిగాక, టార్చి తీసుకుని వెళ్ళాను. పిల్లి కంట్లో వెలుతుర్ని వెనక్కి కొట్టే పొర ఉంటుంది, చీకట్లో అదే పట్టిస్తుంది. పక్కింటి పెరట్లో, కట్టెల మోపు సందులో రెండు పచ్చటి చుక్కలు మెరిశాయి. నేను పరిగెత్తలేదు. నేల మీద కూర్చుని, నాలుగు ఎండు నెత్తళ్ళు వేసి, మెల్లిగా పేరు పిలిచాను. అరగంటకి వచ్చి మోకాలికి తల రాసింది. తువ్వాల్లో చుట్టి ఇంటికి తెచ్చాను. అమ్మ దాన్ని ఒళ్ళోకి తీసుకుని, అప్పుడు తిట్టింది నన్ను. హమ్మయ్య అనిపించింది.

ఇక మీదట గొళ్ళెం వేస్తే చాలా? "లోపల దానికేం పని ఉందో చూడు" అన్నాడు ఫ్రెండు. పిల్లి పుట్టుకతో వేటాడే జంతువు. తెల్లవారుజామున, చీకటి పడే వేళ చురుగ్గా ఉంటుంది. అందుకే ఆ రెండు వేళలా పది నిమిషాలు దారానికి ఈక కట్టి ఆడిస్తాం. ఆట కాగానే దారం దాచేస్తాం, మింగితే ప్రమాదం. తర్వాతే తిండి. అదీ గిన్నెలో కాదు, కోడిగుడ్ల అట్ట గుంటల్లో దాస్తాం, వెతుక్కుని తింటుంది. గోళ్ళు గీరుకోడానికి స్టూలు కాలికి కొబ్బరితాడు చుట్టాను. కిటికీకి గట్టి ఇనుప వల కొట్టించి, లోపల ఎత్తులో చెక్క వేయించాను. అక్కడ కూర్చుని కాకుల్నీ స్కూలు ఆటోల్నీ చూస్తుంది. మెడకి ఎక్కడైనా చిక్కుకుంటే దానంతటదే ఊడిపోయే పట్టీ, దాని మీద అమ్మ నంబరు. వచ్చే దీపావళికి సాయంత్రం నాలుగింటికే లోపలి గదికి గొళ్ళెం. ఆ పని నాది.

ఇప్పుడు హైదరాబాద్ నుంచి సాయంత్రం ఫోన్ చేస్తే, "ఉండరా, జున్నుకి ఆట టైమయింది" అని అమ్మ పెట్టేస్తోంది. పది నిమిషాలయ్యాక తనే చేస్తుంది, కాస్త ఆయాసపడుతూ, నవ్వుతూ. ఆ ఫోన్ కోసమే చూస్తుంటాను.