మేము విసిరివేసిన రాయి

క్రిందటి వేసవి సెలవులలో మా చిన్నవాడు పొలం నుండి ఒక నల్లని రాయి తెచ్చి, "డాడీ, ఇది ఆకాశం నుంచి పడింది" అన్నాడు. మేము ఆదివారపు ప్రసంగం సిద్ధపరచుకొనే తొందరలో ఉన్నాము. "ఊళ్లో రాళ్లన్నీ ఇంట్లోకి తెస్తావా?" అని కసిరి, దానిని కంచె అవతలకు విసిరివేశాము. వాడు ఏమీ అనలేదు. రెండు రోజులు మాతో సరిగా మాట్లాడలేదు.

బడి తెరచిన తరువాత సైన్సు మాస్టారి దగ్గర నుండి వాడొక పుస్తకం తెచ్చి మా బల్ల మీద పెట్టాడు. దక్షిణ ధ్రువంలోని అంటార్కిటికా ఖండంలో ఉల్కలు ఏరేవారి సంగతి అందులో ఉన్నది. రాత్రి భోజనాలయ్యాక అందరమూ కూర్చుని చదివాము.

ఆకాశం నుండి రాళ్లు అన్ని దేశాల మీదా పడతాయి. మన నేలపై పడినది మామూలు రాళ్లలో కలిసిపోతుంది. అక్కడ పడినది మంచులో పూడి, ఆ మంచుతోపాటు వేల సంవత్సరాలు మెల్లగా కదులుతుంది. దారిలో కొండలు అడ్డు వచ్చిన చోట మంచు ఆగిపోతుంది. ఎడతెగని గాలి పైపొరలను అరగదీస్తుంది. అప్పుడు లోపలి రాళ్లు నీలి మంచుగడ్డ మీద బయటపడతాయి. 1969లో జపాను వారికి యమాటో కొండల దగ్గర 9 ఉల్కలు దొరికాయి. 1976లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం కాసిడీ అక్కడ వెదకడం ఆరంభించారు. నాటి నుండి ఆ బృందాలు ఏరినవి 20,000కు పైమాటే.

డిసెంబరు, జనవరి నెలలు అక్కడ వేసవి. అయినా చలి సున్నాకు 10, 20 డిగ్రీలు దిగువనే. సూర్యుడు అస్తమించడు గనుక గడియారం చూసి పడుకోవాలి, గడియారం చూసి లేవాలి. విమానం దించి వెళ్లిపోయాక సుమారు ఆరు వారాలు గుడారాలలోనే కాపురం. గుడారానికి ఇద్దరు. మంచును తవ్వి తెచ్చి స్టవ్ మీద కరిగిస్తేనే త్రాగే నీరు. గాలి వచ్చే దారి మూసుకుపోతే స్టవ్ నుండి వచ్చే విషవాయువు ప్రాణం తీస్తుంది. అందుచేత ఎంత చలి వేసినా ఆ కంత తెరచి ఉంచాలి. తడిసిన మేజోళ్లను గుడారం కొన దగ్గర వ్రేలాడదీసి ఆరబెట్టుకుంటారు. క్రిస్మస్ కూడా ఇళ్లకు దూరంగా ఆ మంచు మీదనే.

ఈదురుగాలి లేస్తే ఒక్కొక్కసారి రోజుల తరబడి గుడారం దాటరు. అంత చిన్న చోట ఒకరి గురకను, ఒకరి విసుగును మరొకరు భరించాలి. ఇది విని మా ఇంటావిడ, "మనం కాపురం పెట్టిన ఒంటి గదిలాగే ఉంది" అని నవ్వింది.

గాలి తగ్గిన రోజున మంచు మీద నడిచే మోటారు బండ్లెక్కి, పక్కపక్కనే ఎడంగా వరుస తీరి మెల్లగా సాగుతారు. మన ఆడవారు కలుపు తీసినట్లే, ఎవరి మునుము వారిదే. ఒకరు ఏమరుపాటుగా ఉంటే ఆ మేర వెదకనట్టే. నల్లని రాయి కనబడితే చేతులు ఊపుతారు, అందరూ వచ్చి చేరతారు. దానిని వట్టి చేతితో తాకరు. నంబరు ఇచ్చి, ఫోటో తీసి, కొలిచి, అది ఉన్న చోటును గుర్తించి, శుభ్రమైన సంచిలో వేసి మూతి అంటిస్తారు. హ్యూస్టన్‌లోని అంతరిక్ష కేంద్రం చేరేవరకు దానిని గడ్డకట్టిన స్థితిలోనే ఉంచుతారు. ఏరినవారికి అందులో ఒక్క పలుకు కూడా సొంతం కాదు.

1982 జనవరి 18న ఆలన్ హిల్స్ దగ్గర దొరికిన ఒక రాయి బరువు 31 గ్రాములే. పరీక్షించగా అది చంద్రుని నుండి వచ్చినదని తేలింది. చంద్రునిదని గుర్తించిన మొట్టమొదటి ఉల్క అదే. ఆ పూట ఎవరైనా అలసిపోయి, "చిన్నదే గదా" అని దాటిపోయి ఉంటే?

ఈ మాట చదివేసరికి మా గొంతు ఆగింది. మావాడు మా వైపే చూస్తున్నాడు.

మరునాడు ఉదయం ముగ్గురమూ కంచె అవతల వరుసగా నిలబడి వెదికాము. ఎండ ఎక్కేవేళకు వాడే గుర్తుపట్టి, "ఇదే డాడీ" అన్నాడు. ఉల్కలలో చాలావాటికి ఇనుము ఉంటుంది గనుక, పాడైన మైకు స్పీకరులోని అయస్కాంతాన్ని దగ్గర పెట్టి చూశాము. అంటలేదు. అది మామూలు రాయే కావచ్చు. "తప్పు నాదే, చూడకుండానే విసిరేశాను" అని వానితో చెప్పాము. వాడు నవ్వి, "పోనీలే డాడీ" అన్నాడు.

ప్రియ తలిదండ్రులారా, పిల్లలు తెచ్చే రాళ్లలో చంద్రుని రాయి ఉండకపోవచ్చు. అయినను తెచ్చిన చేతిని చూడవలెను గదా! ఆ నల్లరాయి ఇప్పుడు మా బల్ల మీద, ప్రసంగపు కాగితాలు ఎగిరిపోకుండా ఆపుతున్నది.