కాయ మనది, రేటు వాళ్లది

పి.గన్నవరంలో పక్కపక్కనే రెండు అక్విడెక్టులు. పాతది 1850ల్లో కాటన్ దొర హయాంలో హేగ్ అనే సైనిక ఇంజినీరు కట్టించినది, 40 అడుగుల కమానులు 49. కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆవిడ వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన లంకల గన్నవరం ఈ మండలంలోదే. కింద వైనతేయ, పైన కాలవ. అవతలి లంక చేలకి నీళ్లు ఈ ఊరి మీదుగానే పోతాయి. ఆ మాటకొస్తే ఇక్కడికి వచ్చే సరుకు కూడా అంతే, ఆగేది తక్కువ.

రోడ్డు వారన ఓ కొబ్బరి కొట్టు దగ్గర దిగాను. భూమిలో పాతిన గుణపం మొన మీద కాయని గుచ్చి రెండు మెలికలు తిప్పితే డొక్క ఊడి పక్కన పడుతోంది. వలిచేవాళ్లు కబుర్లాడుతున్నారు గానీ చెయ్యి ఆగదు. కూలి కాయల లెక్కన మరి. దింపువాళ్లే దొరకడం లేదని యజమాని గోల. వాళ్ల పిల్లలు చెట్టెక్కమంటే నవ్వేస్తున్నారట. జారితే నడుం విరిగే పని, ఆ పిల్లలని తప్పుపట్టడం నావల్ల కాలేదు.

వలిచిన కాయ లారీకెక్కి ఉత్తరాదికి పోతుంది. "ఆయ్, కాయ మనదేనండి. రేటు మాత్రం వాళ్లదండి," అన్నాడాయన. పక్కనే అంబాజీపేటలో అంత పేరున్న మార్కెట్ ఉన్నా, ఉత్తరాది నుంచి ఫోనొచ్చాకే ఇక్కడ ధర తేలుతుంది.

కాస్త డబ్బు ఊళ్లో నిలిపేది కురిడీ. కాయని డొక్కతోనే అటకెక్కించి ఏడాది దాకా వదిలేస్తారు. లోపల నీరు ఇంకి, కొబ్బరి చిప్పని వదిలి గుండుగా తయారవుతుంది, ఊపితే గటగటమంటుంది. పచ్చికాయ కన్నా మంచి ధర. కాకపోతే అటకుండాలి, ఏడాది ఆగే ఓపికుండాలి. దింపు కాగానే శిస్తు కట్టాల్సిన కౌలు రైతుకి ఆ రెండూ ఎక్కడివి? ఇక్కడ కావలసింది కొత్త పరిశ్రమ కన్నా ముందు, అటక మీది కాయల్ని చూసి అప్పిచ్చే బ్యాంకు అని నాకనిపించింది. డొక్కల సంగతీ అంతే. కొన్ని పీచు మిల్లుకి, మిగతావి పొయ్యిలోకి. గోదావరి దాటితే కడియం నర్సరీలు, డొక్కల నుంచి వచ్చే కొబ్బరి పొట్టుకి అంత దగ్గరి గిరాకీ ఇంకెక్కడుంటుంది?

పేరుకి పి.గన్నవరం 2009 నుంచి అసెంబ్లీ నియోజకవర్గ కేంద్రం, పాలన మాత్రం పంచాయతీదే. 2022లో కొత్త జిల్లా వచ్చి కలెక్టరాఫీసు అమలాపురంలో పెట్టారు. కోటిపల్లి–నర్సాపురం రైలు మంజూరై రెండు దశాబ్దాలు దాటింది.

ఈ మండలంలోనే బూరుగులంక రేవులో పరిస్థితి ఇంకో రకం. ఏటా వరదొస్తే గోదావరి పాయకి అడ్డంగా వేసిన మట్టి గట్టు తెగుతుంది, జి.పెదపూడిలంక, ఊడిమూడిలంక వంటి ఊళ్లకి అప్పటి నుంచి పడవే దారి. 2022 జూలై వరదల తర్వాత అప్పటి ముఖ్యమంత్రి వచ్చినప్పుడు కూడా లంకవాసులు అడిగింది వంతెనే. ధవళేశ్వరంలో వరద హెచ్చరిక ఎగరేశారంటే చాలు, ముదరని అరటి గెలలు కూడా కోసి ఒడ్డుకి చేరుస్తారు. ఆ పూట రేవులో కొనేవాడు ఎంతంటే అంతే.