ఆత్మకూరు గట్లపై గడ్డిచేమంతి

పాలమూరు సీమలోని ఆత్మకూరు పూర్వము అమరచింత సంస్థానాధిపతులకు నివాసస్థానము; 2016 నుండి వనపర్తి జిల్లాలోనిది. జూరాల ఆనకట్టను చూడబోవువారు పలువురు ఈ యూరిమీదుగా పోవుదురు గాని, త్రోవప్రక్కనున్న ఎఱ్ఱనేలను, గుండ్లగుట్టలను చూచుటకు బండి నిలుపువారు తక్కువ. మేము నిలిపితిమి. మమ్ము నిలిపినది ఒక చిన్నపువ్వు.

దానిని గడ్డిచేమంతి యందురు. పలకాకు, గాయపాకు అనునవియు దాని పేళ్ళే. నేలబారున ప్రాకి, కణుపుల కడ వేళ్ళు దించి, జానెడు సన్నని కాడపై ఒక్కొక్క పూవును ఎత్తిపట్టును. నడుమ పసుపుబొట్టు, చుట్టును కొనను మూడు నొక్కులుగల తెల్లని రేకులు నాలుగైదు. మన మొక్క పువ్వనుకొనునది నిజమునకు అనేక చిఱుపూవుల గుత్తి. పొద్దుతిరుగుడును అట్టిదే. రెండును ఒకే కుటుంబమువి. రెంటి పుట్టినిల్లును అమెరికాఖండమే. మన చేలలోని పొద్దుతిరుగుడు ఒక్క పంటకాలముతో ముగియును. దీనికి ఏండ్లతరబడి ఆయువు. 1753లో లిన్నేయసు పండితుడు దీనికి శాస్త్రనామ మిడెను. గింజగింజకు దూదికుచ్చు కలదు. గాలియే దానికి మేనా. దూరదేశమునుండి వచ్చిన యీ కోడలు మన సీమలో ఇంటిదే యైనది.

బాటప్రక్కలు, బీళ్ళు, రాళ్ళసందులు, చేనిగట్లు దీని కాపురము. ఎండ యుండిన చాలును, నీడ గిట్టదు. ఇంచుమించు ఏడాది పొడవునను పూయును గనుక సీతాకోకచిలుకలకు ఇది అన్నసత్రము.

సోదరీమణులలో కొందఱైనను చిన్ననాడు ఈ యాకుతో పలక తుడిచియుందురు. పూవుతలను ఎగురగొట్టి రావణాసురుని తలకాయ యని నవ్వియుందురు. కొడవలి తెగినప్పుడు ఆకు నలిపి రసము పిండుట కూలితల్లుల మొదటి వైద్యము.

గట్టున కూర్చున్న యొక యవ్వను, ‘‘ఇప్పుడును ఈ యాకు వాడుదురా?’’ అని యడిగితిమి.

‘‘ఏడ వెట్టుకుంటమమ్మా, గట్లకు గూడ మందు గొడ్తుండ్రు’’ అన్నది.

ఆమె చూపిన గట్టు మాడి గోధుమరంగు తిరిగియున్నది. కాలువనీటితో వరి పెరిగినది, కలుపుతీయ కూలీలు దొరకరు; రైతును నిందించుటకు మాకు నోరు రాలేదు. కాని కలుపుమందు పడిన ఆకును గాయమున పెట్టుట ప్రమాదము. పిల్లల కీసంగతి తప్పక చెప్పవలెను. లోతుగా తెగినను, ఇనుము గుచ్చుకొన్నను ఏ యాకును నమ్ముకొనక, ధనుర్వాతపు సూదికై ఆసుపత్రికి పోవలెను.

అవ్వ తన పెరటిగోడ ప్రక్క రెండుమూరల నేలను మందు సోకకుండ విడిచినది. అందు గడ్డిచేమంతి దట్టముగా అల్లుకొని యుండెను.